ఘాట్ రోడ్డు మీద అడ్డకర్ర

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. నేను మానేశానంటాను గానీ, బడే నన్ను మానేసిందని మా ఆవిడ అంటుంది. ఏదైతేనేం, ఆ తర్వాత నాకు చదువు చెప్పింది మా ఊరి వెనకనుంచి కొండెక్కే అడవి రోడ్డు. దానికి పలకా బలపం అక్కర్లేదు, క్లచ్చూ బ్రేకూ చాలు. పాఠం తప్పితే బెత్తం దెబ్బ ఉండదు, లోయ ఉంటుంది. అందుకని శ్రద్ధగా నేర్చుకున్నాను.

మా నాన్న విజయనగరం వైపు మైదానం మనిషి. ఉప్పూ ఎండుచేపలూ మోసుకుని సంతకొచ్చి, తిరిగి దిగడానికి బద్ధకించి ఇక్కడే ఉండిపోయాడు. నాది అంతకన్నా పెద్ద బద్ధకం. కూర్చుని చేసే పని కావాలని జీపు డ్రైవర్నయ్యాను. అరకు నుంచి కాస్త లోపలికొస్తే మా ఊరు. ఒకటే వీధి. దానికి అటూ ఇటూ కొట్లు, అన్నీ మాలాగే కిందనుంచి వచ్చినవాళ్ళవి. సంత లేని రోజుల్లో కూర్చుని ఈగలు తోలుకుంటాం. సంత రోజున ఆ ఈగలక్కూడా వాలడానికి చోటుండదు.

ఆ సంతంతా పైనుంచి దిగుతుంది. తెల్లారకుండా నేను జీపు కొండెక్కించుకుని వెళ్తే, కొండ మీద ఊళ్ళవాళ్ళు చీపుర్ల మోపులూ, పసుపు బస్తాలూ, అడ్డాకుల కట్టలూ, రాజ్‌మా మూటలూ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. నా జీపుకి కిటికీ అద్దాలు లేవు. టూరిస్టులు డబ్బిచ్చి చూసే మంచుని మా పాసింజర్లు ఉత్తినే ముఖానికి పూసుకుంటారు. సాయంత్రం ఉప్పు, సబ్బులు, ఎండుచేపలతో వాళ్ళని మళ్ళీ పైకి చేరుస్తాను. ఎప్పుడైనా ఒక మేక కూడా ఎక్కుతుంది. మేకకి టిక్కెట్టు లేదు గానీ, ముందు సీటు మాత్రం ఇవ్వను.

ముందు సీటు పెద్దమ్మది. కనుమ మలుపు దగ్గర మొదటగా తగిలే ఊరు ఆమెది. ఆమెకి వయసెంతో ఆమెకి తెలీదు, ఆధార్ కార్డు చెప్పింది ఆమె ఒప్పుకోదు. నాకు మీసం నెరిసినా నన్ను జీపు గుంటడా అనే పిలుస్తుంది. నేను డ్రైవింగు మొదలుపెట్టిన కొత్తలో, వర్షంలో బండి బురదలో దిగబడితే ఊరి ఆడవాళ్ళని తీసుకొచ్చి తోయించింది ఆమే. తోయించి, మర్నాటి సంతలో అందరికీ చెప్పింది కూడా, నేను బురదలో కూర్చుని ఏడుస్తుంటే చూశానని. ఏడవలేదు. వర్షం ముఖం మీద పడుతోంది, అంతే.

మొన్నటి చలికాలం మా రోడ్డు మీదికి టూరిస్టు కార్లు ఎక్కువగా రావడం మొదలైంది. కనుమ పైన ఒక చోటునుంచి లోయంతా మబ్బుల కింద మునిగి కనిపిస్తుంది. ఎవరో దాన్ని వీడియో తీసి పెట్టారు. ఇంకేం, రాత్రిళ్ళు కూడా కార్లే. మంటలు వేసుకోవడం, సీసాలు పగలగొట్టడం. గాజుపెంకులు గుచ్చుకుని ఊరి ఎడ్లు కుంటుపడ్డాయి. ఒకరోజు ఎవరో ఆర్పకుండా వదిలేసిన మంట ఎండుగడ్డికి అంటుకుని ఆ వాలంతా కాలిపోయింది. వెదురు పొదలు, మిరియాల తీగలు, అన్నీ. ఊరివాళ్ళు పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పకపోతే ఇళ్ళదాకా వచ్చేది.

ఆ తర్వాత ఫారెస్టువాళ్ళు కొండ కింద, మా ఊరి చివర, రోడ్డుకి రెండు పక్కలా ఇనప స్తంభాలు పాతారు. గేటు వస్తుందట. తాళం వేస్తారట. డిపార్టుమెంటు బళ్ళు తప్ప ఏవీ పైకి పోవట. కొండమీది ఊళ్ళవాళ్ళు నడిచి రావచ్చు, పోవచ్చు, వాళ్ళకి అడ్డు లేదు. బండి కావాలంటే ఒడిశా వైపునుంచి చుట్టూ తిరిగి రావాలి. ఆ చుట్టు తిరిగొచ్చేసరికి సంత అయిపోయి, ఊడ్చేవాళ్ళు కూడా ఇళ్ళకి పోయుంటారు.

స్తంభాలు చూసిన రోజున పెద్దమ్మ జీపు దిగి వాటి చుట్టూ ఒకసారి తిరిగింది.

"నడిసి రావొచ్చంటన్నారు కదే పెద్దమ్మా," అన్నాను.

"వత్తాను. సీపుర్ల మోపు నేనెత్తుకుంటాను. మోకాళ్ళు నువ్విత్తావా?"

"నా మోకాళ్ళా? అవి క్లచ్చు తొక్కి అరిగిపోనాయి."

ఆమె నవ్వలేదు. నడిచి దిగలేనివాళ్ళు సరుకు ఇంటి దగ్గరే పెట్టుకోవాలి. అవతలి వైపునుంచి వచ్చే దళారీ ఎంతంటే అంతకి ఇచ్చుకోవాలి. సంతకి రావడమంటే ఆమెకి అమ్ముకోవడం ఒకటే కాదు. కూతుళ్ళని వేరే ఊళ్ళకిచ్చింది. వాళ్ళని ఆమె చూసేది ఆ సంతలోనే. అది నాకు తెలుసు గనక నేనూ జోకు ఆపేశాను.

వర్తక సంఘం మీటింగు కిరాణా షావుకారు కొట్లో పెట్టారు. సంఘానికి పెద్ద ఆయనే. పెద్దలు బియ్యం బస్తాల మీద కూర్చున్నారు, నాకు పెసరపప్పు బస్తా దొరికింది.

"బంద్ సేద్దాం. ఊరు ఊరంతా మూసీద్దాం," అన్నాడు షావుకారు.

"మన కొట్లు మనం మూసుకుంటే రేంజరు గారికి ఏటి నష్టం?" అన్నాను.

"నువ్వు మాటాడక. మేం సీరియస్‌గా మాటాడుకుంటన్నాం."

"నేనూ సీరియస్సే షావుకారు గారూ. ఆయన ఉప్పూ పప్పూ వైజాగు నుంచి తెచ్చుకుంటాడు. మనం మూసీసినట్టు ఎవులైనా ఎళ్ళి ఆయనకి సెప్పాల కూడాను."

బంద్ ఆలోచన అక్కడితో ఆగింది. అందరం కలిసి రేంజాఫీసుకి వెళ్దామన్నారు. మనుషుల్ని ఎక్కించుకునేవాడు కావాలి కాబట్టి నన్నూ పెద్దల్లో కలిపారు.

రేంజరు కొత్తగా వచ్చాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి, సన్నగా, కళ్ళజోడు, గట్టిగా మాట్లాడడు. మాకు కుర్చీలేయించాడు, టీ ఇప్పించాడు. అరిచే ఆఫీసరైతే మాకు సుఖంగా ఉండేది. షావుకారు ఇంటి దగ్గర బాగా తయారుచేసుకొచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక టీలో ముంచుకుని తాగేశాడు.

"రోడ్డు తెరిచి ఉంచమంటున్నారు. న్యాయమే," అన్నాడు రేంజరు. "రేపు మళ్ళీ ఎవరో కారాపి మంట వేస్తారు. అప్పుడు పూచీ ఎవరు?"

మేమంతా తలెత్తి సీలింగు ఫ్యాను చూశాం.

"నాకున్నది ఒక్క గార్డు. అడవేమో చూసినంత మేర. ప్రతి బండినీ ఆపి, లోపల ఏముందో చూసి, నా మనిషీ నీ మనిషీ అని వదలకుండా కాసేవాళ్ళుంటే చెప్పండి. మా పైవాళ్ళతో నేనే మాట్లాడతాను. లేకపోతే తాళమే."

ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆయన చెప్పింది తప్పయితే కదా వెక్కిరించడానికి. వాలు కాలిన మాట నిజం. ఆ సీసాలు మా ఊళ్ళోనే అమ్మిన మాటా నిజం.

బయల్దేరేముందు ఆయనే అన్నాడు, "ఒకసారి పైకెళ్ళి ఆ కాలిన చోటు కలిసి చూద్దాం. రోజు మీరే చెప్పండి."

రోజు చెప్పడం మా షావుకారుకి ఇష్టమైన పని. కొట్టు గూట్లోంచి పంచాంగం తీశాడు. తిథి చూశాడు, వర్జ్యం చూశాడు, రాహుకాలం తప్పించాడు. ప్రభుత్వంతో పనికి పనికొచ్చే నక్షత్రం ఏదో ఆయనకే తెలుసు, అదీ చూశాడు. దివ్యమైన రోజు కుదిరింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్తే మా ఆవిడ పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగింది.

"పైనోళ్ళనెవులినైనా అడిగేరేటయ్యా?"

"ఏటని?"

"ఆ రోజు ఆళ్ళకి కాళీ ఉందో నేదో."

"రోడ్డు సూడ్డానికి ఆళ్ళ కాళీ దేనికే?"

"రోడ్డు ఆళ్ళ గుమ్మం ముందునుంచి కదా ఎళ్తాది."

పెద్దల్లో కలిసినవాణ్ణి కదా, ఆ మాట పక్కన పెట్టాను. రొట్టె మాత్రం తిన్నాను.

అనుకున్న రోజు పొద్దున్నే బయల్దేరాం. రేంజరు గారి బండి షెడ్డులో ఉంది, అందుకని నా జీపే. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక షావుకారు, ఒళ్ళో ఒక శాలువా ప్యాకెట్టు. పని అయితే కప్పుదామని, కాకపోతే తిరిగి కొట్లో పెట్టుకుందామని.

"ఈ రోడ్డు మీద ఎప్పట్నుంచి తోలుతున్నారు?" అనడిగాడు రేంజరు.

"మీసం రాకముందు నుంచి సార్. లైసెన్సు మాత్రం మీసం వచ్చాకే."

ఆయన పెదవి కొంచెం కదిలింది. ఇంకో రెండు మలుపుల్లో నవ్విస్తానని నాకు నమ్మకం కుదిరింది. కనుమ మలుపు తిప్పాను. రోడ్డుకి అడ్డంగా పొడుగాటి పచ్చి వెదురు కర్ర కట్టి ఉంది. దాని వెనక ఊరి ఆడవాళ్ళందరూ, కొప్పుల్లో పూలతో, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. బ్రేకు గట్టిగా తొక్కాను.

ఇటుకల పండగ.

ఆ పండగ గురించి చెప్పాలి. ఎండాకాలం మొదట్లో, చేలో విత్తనాలు చల్లేముందు వస్తుంది. తేదీ ఏ పంచాంగంలోనూ ఉండదు. ఒక్కో ఊరికి ఒక్కో రోజు, ఆ ఊరి పూజారీ పెద్దలూ కూర్చుని అనుకున్నదే రోజు. దేవత దగ్గర విత్తనాలు పెట్టి పూజ చేశాక మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు. ఊళ్ళో మగపురుగు మిగలదు. ఆడవాళ్ళు రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి, వచ్చేపోయే ప్రతి బండినీ ఆపి, అందులో ఉన్నవాళ్ళ మీద పాట కట్టి పాడి, పండగ మామూలు పుచ్చుకుంటారు. వేటకెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో వస్తే పేడనీళ్ళు కుమ్మరించి ఊళ్ళోకి తీసుకెళ్తారు. ఈ రోజుల్లో వేట పేరుకే. జంతువులు తక్కువ, కేసులు ఎక్కువ. కానీ పేరుకైనా వేట వేటే. ఊరి మగవాళ్ళందరూ విల్లంబులతో అడవిలో ఉన్న రోజు చూసి, ఆ అడవి రేంజర్ని నా ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. మా షావుకారు చూసిన నక్షత్రం అలాంటిది.

"ఇదేమిటి?" అన్నాడు రేంజరు.

"పండగ సార్. బళ్ళు ఆపుతారు. సరదాకి."

కర్ర సంగతి చెప్పాను. వేట సంగతి మింగేశాను.

షావుకారు వెనకనుంచి తల బయటపెట్టాడు. "ఏయ్, కర్ర తియ్యండి. బేగి. ఆఫీసరు గారున్నారు."

పెద్దమ్మ ముందుకొచ్చింది. చెవుల వెనక పూలు, చేతిలో మామిడి మండ. నాకు ఎప్పుడూ తెలిసిన ముసలామె కాదు, పండగ పెద్ద.

"ఆఫీసరైతే ఏటి? బండి బండే," అంది. జీపులోకి వంగి రేంజర్ని పైనుంచి కిందదాకా చూసింది. వెనక్కి తిరిగి ఒక మాట విసిరింది. వరస కదిలి, పాట అందుకున్నారు. వాళ్ళ భాష నాకు సగమే తెలుసు. ఆ సగంలో, నాలుగు కళ్ళున్నవాడు దారి కనపడక మా ఇంటికొచ్చాడు అని ఉంది. ఆ తర్వాత నా మీద కూడా ఒక చరణం వచ్చింది. అందులో బురద ఉంది. అది మీకు చెప్పను.

రేంజరు జేబులు తడుముకున్నాడు. డబ్బు లేదు. ఈ కాలం మనిషి, అంతా ఫోనులోనే. ఫోను తీసి పైకెత్తి చూశాడు. మా కనుమలో సిగ్నలు దొరకడం కన్నా పులి దొరకడం తేలిక.

"నేనిత్తాను, ఆయనది కూడా," అని షావుకారు నోటు తీశాడు.

"ఎవులిది ఆళ్ళే ఇవ్వాల," అంది పెద్దమ్మ. "లేనోళ్ళు ఆడాల."

"ఆఫీసరు గారు ఆడ్డమేటే, నీకు మతుందా?"

"షావుకారు కూడా ఆడతాడేమో అడగండమ్మా," అన్నాను నేను. ఆయన నోటు ఇచ్చేసి వెనక్కి వాలిపోయాడు.

రేంజరు కాసేపు ఆ కర్రనీ, ఆ వరసనీ చూశాడు. తర్వాత టోపీ తీసి నా సీటు మీద పెట్టి, దిగాడు. వరస చివర ఒక ఆవిడ చెయ్యి చాపి ఆయన్ని కలుపుకుంది. థింసా అడుగు చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. ఇటొకటి, అటొకటి, కొంచెం వంగడం, లేవడం. బూట్లేసుకుని ఆడితే వేరే సంగతి. అందరూ కుడికి పోతే ఆయన ఎడమకి, వాళ్ళు వంగితే ఆయన లేచేవాడు. ఆయన ముఖంలో ఎక్కడా సిగ్గు లేదు, పరీక్ష రాస్తున్నట్టు శ్రద్ధ ఉంది. వాళ్ళు ఒక్కరు కూడా ఆయన్ని వెక్కిరించలేదు. పాట మాత్రం నెమ్మది చేశారు, ఆయన అడుగు అందుకునేలా.

కర్ర తీశారు. మేం ఇక కాలిన చోటు చూడ్డానికి వెళ్ళొచ్చు. కానీ ఆయన వెళ్ళలేదు. నీడలో రాయి మీద కూర్చుని, వాళ్ళిచ్చిన చోడి అంబలి తాగుతూ, "కాసేపు చూస్తాను," అన్నాడు.

నేను వాలు వైపు చూడడం మొదలుపెట్టాను. వేటకెళ్ళినవాళ్ళు దిగే వేళ దగ్గరపడుతోంది. పెద్దమ్మ మంచినీళ్ళ నెపం మీద నా పక్కకొచ్చింది.

"ఒరే జీపు గుంటడా, ఈయన ఏ ఆఫీసరు?"

"అడివి ఆఫీసరు."

"ఇయ్యాలే దొరికిందా నీకు?"

"షావుకారు పంచాంగం సూసేడే."

"మమ్మల్నడిగితే ఏ పంచాంగం అక్కర్నేకండా సెప్పుందుం కదరా," అంది. మా ఆవిడ అడిగిన మాటే. నేను మంచినీళ్ళు తాగాను.

ఈలోగా కిందనుంచి ఒక టూరిస్టు కారు వచ్చింది. ఆడవాళ్ళు కర్ర అడ్డం పెట్టారు. అందులో కుర్రాళ్ళు పాట విని మురిసిపోయి వీడియోలు తీశారు, డబ్బులూ ఇచ్చారు. పాట కట్టాలంటే లోపల ఎవరున్నారో, ఏముందో చూడాలి కదా, వీళ్ళు తలలు దూర్చి చూశారు. వెనక సీట్లో సీసాల పెట్టె. పాట ఆగిపోయింది. అది దించితేనే కర్ర లేస్తుందంది పెద్దమ్మ. కుర్రాళ్ళు బతిమాలారు, కసురుకున్నారు, మా నాన్న ఎవరో తెలుసా అన్నారు. "తెల్దు బావూ, నీకు తెలిసుంటే సాలు," అందామె. పెట్టె దించారు. తిరుగు ప్రయాణంలో తీసుకోవచ్చు, ఎవరూ ముట్టుకోరు అని చెప్పి కర్ర లేపారు.

తర్వాత మిలటరీ బండి లాంటి నిలువెత్తు కారొకటి, పాల వ్యాను ఒకటి, పక్క ఊరి సర్పంచి మోటారు సైకిలు ఒకటి. ఏదీ ఆగకుండా పోలేదు. సర్పంచి పెద్దమ్మకి తమ్ముడి వరస. ఆయన్నీ ఆపి, ఆయన మీదా పాడారు. రేంజరు అంబలి ఎప్పుడో అయిపోయింది, గిన్నె మాత్రం చేతిలోనే ఉంది.

అప్పుడు వినబడింది, పైనుంచి డప్పు.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. షావుకారుకి కూడా అప్పటికి వెలిగింది. శాలువా ప్యాకెట్టు గుండెకి అదుముకున్నాడు. ఒక్క అడవిపందో, కుందేలో భుజం మీద ఉంటే చాలు. కేసు, స్టేషను, తాళం, అన్నీ ఒకేసారి. రోడ్డు మాట ఇక ఎత్తేవాడుండడు.

"వేటనుంచి దిగుతున్నారు కదా," అన్నాడు రేంజరు, ఎవరినీ చూడకుండా.

అంటే ఆయనకి ముందే తెలుసు. పొద్దున్నుంచీ తెలుసో, పాట విన్నప్పుడు తెలిసిందో నేను అడగలేదు. ఆయన కళ్ళజోడు తీశాడు. జేబులోంచి గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఒక అద్దం, తర్వాత రెండో అద్దం, మళ్ళీ మొదటిది. అంత నెమ్మదిగా కళ్ళజోడు తుడిచిన మనిషిని నేను చూడలేదు. ఆ కొండమీద ఇన్నేళ్ళలో నాకు దొరికిన మర్యాదల్లో అదొకటి. నాకు చేసింది కూడా కాదు, అయినా ఇప్పటికీ నాకే చేసినట్టనిపిస్తుంది.

మగవాళ్ళు వాలు మీదనుంచి దిగారు. చెమటలు, డప్పులు, విల్లంబులు. అందరి చేతులూ ఖాళీ. ఒక్క ముసలాయన భుజం మీద మాత్రం పనసకాయ ఉంది. ఏటా వట్టి చేతులతో వచ్చే మగవాళ్ళని చూసి ఆడవాళ్ళు తిట్టిపోయడం చూశాను గానీ, అంత సంతోషంగా తిట్టిపోయడం అప్పుడే చూశాను. పారిపోతున్న పనసకాయని బాణం వేసి కొట్టిన వీరుడు అని పాడారు. బకెట్లు లేచాయి. పేడనీళ్ళు మొదటి వరస మీద పడ్డాయి, రెండో వరస మీద పడ్డాయి. పెద్దమ్మ మూడో బకెట్టు పట్టుకుని ఇటు తిరిగింది.

"ఓలమ్మా, ఆయన మీద కాదు," అన్నాను.

"ఏం, ఆయన మగోడు కాడేటి? ఆయన సేతిలో మాత్రం ఏటుంది?"

నిజమే. గిన్నె తప్ప ఏమీ లేదు. అంత శ్రద్ధగా తుడిచిన కళ్ళజోడు అప్పుడే పెట్టుకున్నాడు పాపం. నా మీదా పడింది. షావుకారు శాలువా అడ్డం పెట్టుకున్నాడు. శాలువా తడిసింది, షావుకారూ తడిశాడు.

రేంజరు కళ్ళజోడు మళ్ళీ తీశాడు. ముఖం చేత్తో తుడుచుకున్నాడు. ఆయన నవ్వాడు. పెద్దగా కాదు, ముక్కులోంచి. ఆయన్ని నవ్విస్తానని నేను పెట్టుకున్న పందెం అలా పెద్దమ్మ గెలుచుకుంది.

అందరూ కడుక్కున్నాక, ఊరి మగవాళ్ళూ ఆడవాళ్ళూ చుట్టూ కూర్చున్నాక, ఆయన అడిగాడు. "అమ్మా, ఈ కర్ర పండగయ్యాక తీసేస్తారా?"

"తీసెత్తాం. మళ్ళీ ఏడాదికే."

"తియ్యకపోతే?"

"అంటే?"

"ఏడాది పొడుగునా మీరే ఆపితే. ఇవాళ ఆపినట్టు."

వాళ్ళు వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మగవాళ్ళు ఏదో అనబోతే ఆడవాళ్ళు చేత్తో ఆగమన్నారు. మేం ముగ్గురం తడిబట్టలతో కూర్చున్నాం. అప్పుడు పెద్దమ్మ చెప్పింది. పగలు వంతులు వేసుకుని కాస్తారు. ప్రతి బండీ చూస్తారు. సీసాలూ మంటలూ పైకి పోనివ్వరు. చీకటి పడ్డాక కర్ర రోడ్డుకి అడ్డంగా దింపేసి ఇళ్ళకి పోతారు, ఆ తర్వాత ఏ బండీ కదలకూడదు. రోగమొచ్చినవాళ్ళకి మాత్రం ఎప్పుడైనా లేపుతారు. కింద ఇనప గేటు ఉండకూడదు.

"ఎవరినీ వదలకూడదు," అన్నాడు రేంజరు. "మీ చుట్టాలైనా, మా డిపార్టుమెంటైనా. ఒక్కరిని వదిలారని నాకు తెలిస్తే తాళమే."

"ఇయ్యాల నిన్నొదిలేమేటి?" అంది.

షావుకారు గొంతు సవరించుకున్నాడు. "అది కాదు సార్. రాత్రి టూరిస్టులుంటేనే కదా మా కొట్లకి కూడా కొంచెం..."

ఆడవాళ్ళందరూ ఆయన వైపు చూశారు. బకెట్లో ఇంకా కొంచెం ఉంది. షావుకారు మాట మార్చుకున్నాడు. చీకట్లో రోడ్డు మూయడం చాలా మంచి ఆలోచన అన్నాడు. తర్వాత ఆయనే, ఎవరూ అడక్కుండా, కాపలావాళ్ళ పాకకి రేకులు ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. కొత్తవే ఇచ్చాడు. అంటే అంటారు గానీ, మా షావుకారు చెడ్డవాడు కాదు.

రేంజరు మాట నిలబెట్టుకున్నాడు. పైవాళ్ళు ఒకసారి ఒద్దన్నారట, మళ్ళీ అడిగాడట. ఎవరో పెద్ద ఆఫీసరు కారులో చూడ్డానికొస్తే ఆయన్నీ ఆపారు. పండగ కాదు గనక పాడలేదు, బూట్ల దాకా వెతికారు. చివరికి ఒప్పుకున్నారు, అదీ ఏడాదికి ఏడాది. ఏటా చూసి కొనసాగిస్తారట. మా ఊరి చివర ఇనప స్తంభాలు అలాగే ఉన్నాయి. వాటికి తాడు కట్టి ఎవరో చీరలు ఆరేసుకుంటున్నారు.

ఇప్పుడు వానలు. మొన్న పైఊళ్ళలో పాసింజర్లని దింపి తిరిగొస్తుంటే ఒక చోట మట్టి జారి రోడ్డు మీద పడింది. దాన్ని తీసి వచ్చేసరికి చీకటి పడింది. కనుమ మలుపు దగ్గర కర్ర దింపి ఉంది. పెద్దమ్మ నెత్తిన ఆకుల గిడుగు వేసుకుని ఇంటి వైపు పోతోంది.

హారన్ కొట్టాను. "పెద్దమ్మా, నేనే."

"నువ్వే అని తెల్సు. సీకటడింది."

"కిందకే కదే ఎళ్తన్నాను. ఖాళీ బండి."

"బండి బండే."

"నాకు కడుపునొప్పే. రోగమొత్తే లేపుతామన్నారు కదా."

ఆమె వెనక్కి వచ్చి ముందు సీటెక్కి కూర్చుంది. "పద. ఆస్పత్రి దాకా నేనూ వత్తాను. డాక్టరు నీకు సూది ఎయ్యకపోతే అప్పుడు సెప్తాను."

ఆ సూదుల డాక్టరు నాకు తెలుసు. నొప్పి తగ్గిపోయిందన్నాను. బండి పక్కన పెట్టించి ఇంటికి తీసుకెళ్ళింది. వెదురు కొమ్ముల కూరా, వేడి అన్నం పెట్టింది. తింటుంటే, కోపమొచ్చిందా అనడిగింది.

"రానేదు," అన్నాను. జోకు కాదు. కర్ర దగ్గర ఆమె నన్ను చూసి, ఇన్నేళ్ళ జీపు గుంటడే కదా అని లేపేసి ఉంటే, ఆ సంగతి ఎల్లుండికి సంతలో ఉండేది, ఆవలెల్లుండికి రేంజాఫీసులో ఉండేది. ఆమె వానలో వెనక్కి నడిచొచ్చి నన్ను ఆపింది. ఆమె మోకాళ్ళకి ఆ రెండడుగులు ఎక్కువే.

పొద్దున్నే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళొచ్చారు, ఆ రోజు వంతు వాళ్ళది. సీటు కిందా, వెనకా అంతా చూశారు. నాతో పరాచికాలాడుతూనే చూశారు. కర్ర లేపారు. ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆపీసిందా?"

"ఆపీసింది."

"మంచిది," అంది. లోపలికెళ్ళి టీ పెట్టింది.